వృత్తి అన్న గడిలో

జులై. ఇక్కడ చలికాలం, పన్నుల కాలం కూడా.
బాలరాట్‌లో చేపల దుకాణం మీద మేడగది,
మెట్ల పొడుగునా మాడిన నూనె వాసన.
లివెరిస్ కళ్ళజోడు మీదుగా చూశాడు:
"ఈ నూట పది డాలర్లు ఎక్కడివి?"

కవిత్వం, అన్నాను.
పాత అప్పు ఒప్పుకుంటున్నట్టు గొంతు దానంతటదే తగ్గింది.

బేకరీ జీతానికి గడి ఉంది.
రాత్రి షిఫ్టు అదనానికీ ఉంది.
దీనికి లేదు.
"హాబీయా, వ్యాపారమా? వ్యాపారమైతే
లాభం తీయాలన్న ఉద్దేశం ఉండాలి."
ఉద్దేశం!
ఇరవై రెండేళ్ళుగా నా మీద ఇంత పెద్ద నింద
ఎవరూ వేయలేదు.

ఖర్చులు రాసుకొచ్చాను, కరెంటు బిల్లు వెనకవైపు.
మెల్‌బోర్న్‌కి రైలు, రానూ పోనూ:
సభలో ఎనిమిదిమంది, అందులో ఒకాయన హీటరు కోసం వచ్చాడు.
ఆ మాట ఆయనే చెప్పాడు, పాపం, దాచుకోలేదు.
పుస్తకం అచ్చుకి అయింది: నూటయాభై ప్రతులు.
నూటముప్ఫై గరాజ్‌లో ఉన్నాయి, బట్టలుతికే యంత్రం పక్కన,
తేమకి అట్టలు బూరెల్లా పొంగి.
ఒకదాన్ని ఎలుక చదివింది, నలభయ్యో పేజీ దాకా.
అంత శ్రద్ధగా ఇంకెవరూ చదివిన దాఖలా లేదు.

ఆయన వేలు అంకెల మీద దిగుతోంది, పెదవులు కదులుతున్నాయి.
చలమయ్య మాస్టారూ ఇంతే,
పద్యం నెత్తిన సుద్దముక్కతో
గురువుకో వంపు, లఘువుకో నిలువుగీత.
రాజు పల్లకీకి భుజం పట్టాడని,
కవి కాలికి గండపెండేరం తొడిగారని చెప్పేవారు.
"నడిస్తే గుచ్చుకోదాండీ?" అని వెనక బెంచీ అడిగింది.
ఆయన నోరు తెరిచేలోగా గంట కొట్టారు.

నా కాలికి ఇనపముక్కు బూటు.
ఆ ఖర్చు చెల్లుతుందట.
పుస్తకం చెల్లదు.

మొన్న రాత్రి మూడింటికి,
పిండి పొంగడానికి ఇంకా నలభై నిమిషాలుండగా
నేను గొణుక్కోవడం అచోల్ వింది.
మంగళవారం నుంచీ ఒక పాదంలో లఘువు తగ్గుతోంది నాకు.
"ఏం లెక్కపెడుతున్నావు?"
ఈస్టు అందామనుకున్నాను. అనలేదు ఎందుకో.
ఆమె ట్రే దించి, మోచేత్తో నుదురు తుడుచుకుని అంది:
"మా చిన్నాన్నకో ఎద్దుండేది,
తెల్లమచ్చలది, ఒక కొమ్ము వంగింది.
దాని మీద పాటలు కట్టేవాడు. ఆయన పని అదే."
మరి ఎద్దుని మేపేదెవరు?
"మేపడానికేం, పిల్లలం లేమూ!"
ఇందులో అడగడానికేముందన్నట్టు చూసి
ఓవెన్ వైపు వెళ్ళిపోయింది.

ఈ సంగతి లివెరిస్‌కి చెప్పలేదు.
ఆయన ఫారంలో ఎద్దుకీ గడి ఉండదు.

"హాబీ అని వేస్తున్నా," అన్నాడు.
"నీకే మంచిది. పన్ను పడదు."
కటువుగా కాదు, జ్వరం దిగిందని చెప్పే డాక్టరులా.
తల ఊపాను. సంతకం పెట్టాను.
అక్కడొక్కచోట నా చేతిరాత
ఎవరైనా తప్పకుండా చూస్తారు.

బయట గాలి. ఎండ ఉంది కానీ ఒంటికి తగలదు.
చేపల దుకాణం కుర్రాడు కాగితంలో
ఎవరి భోజనమో చుడుతున్నాడు, చుట్టూ మడతలు
ఎంత నేర్పుగా వేస్తున్నాడో, బస్సొచ్చేదాకా
అదే చూస్తూ నిలబడ్డాను.

పదింటికి షిఫ్టు.
గోడ మీది యంత్రం నా బొటనవేలిని ఒప్పుకోలేదు.
నిన్నటి పిండి, గీతల్లో ఎండి ఉంది.
చొక్కాకి తుడిచి మళ్ళీ పెట్టాను. మళ్ళీ.
లోపలి నుంచి అచోల్ కేక:
"తేలిందా నీ లెక్క?"

లేదు.
ఇంకా ఒకటి తగ్గుతోంది.